మానవ చైతన్యం

చైతన్యం అంటే అనుభవం కలగడం, కలిగిన ప్రాణికి అది తెలుస్తూ ఉండటం. అప్పుడే దించిన కాఫీ వాసన, రాత్రంతా సలిపే పంటినొప్పి, తెలిసిన పేరే నోటికి రానప్పటి అసహనం, వీటిలో ప్రతిదీ అనుభవించేవాడికి ఏదో ఒక తీరుగా ఉంటుంది. రాయికి అలాంటిదేమీ లేదు. ఆపరేషన్ బల్లమీద మత్తులో ఉన్న మనిషికీ ఆ కాసేపు ఉండదు. అదే మనిషి, అదే మెదడు. మందు ఎక్కగానే లోకం మాయమవుతుంది, దిగగానే తిరిగి వస్తుంది. ఈ రాకపోకలు మెదడులో ఎలా జరుగుతాయో గత డెబ్భై అయిదేళ్లలో చాలావరకు తెలిసింది. మెదడు చేసే ఏ పనికైనా అసలు అనుభవం ఎందుకు తోడు కావాలన్నది మాత్రం తేలలేదు. మొదటి ప్రశ్న శాస్త్రజ్ఞులకు, రెండోది తత్వవేత్తలకు అని పంచి ఊరుకునే వీలు లేదు. మంచంమీద కదలకుండా పడి ఉన్న రోగికి ఏమైనా తెలుస్తోందా అని బంధువులు అడిగిన క్షణంలో రెండు ప్రశ్నలూ కలిసే ఎదురవుతాయి.

వైద్యులు స్పృహను రెండు విధాలుగా అంచనా కడతారు: మనిషి ఎంత మేలుకొని ఉన్నాడు, అతనికి ఎంత తెలుస్తోంది. మామూలుగా ఈ రెండూ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. కలలో మాత్రం మెలకువ లేకుండానే ఎరుక ఉంటుంది. మెదడు దెబ్బతిన్న కొందరిలో మెలకువ ఉండి, ఎరుక జాడ కనబడదు. చైతన్యం గురించి శాస్త్రం నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఇలా రెండూ విడిపోయిన సందర్భాల నుంచే వచ్చింది.

మెలకువకు ఆధారం

1949లో జుసెప్పె మొరూజి, హొరేస్ మగూన్ తేలికపాటి మత్తులో ఉన్న పిల్లుల మీద ఒక ప్రయోగం చేశారు. మెదడు కాండంలో వలలా అల్లుకున్న నాడీకణాల సముదాయాన్ని సన్నని విద్యుత్తుతో తట్టగానే, మెదడు విద్యుత్ అలలను నమోదుచేసే ఇ.ఇ.జి.లో నెమ్మదిగా పెద్ద అలలుగా సాగుతున్న గీత మెలకువలో ఉండే చిన్న, వేగమైన అలలకు మారిపోయింది. మెలకువ బయటి చప్పుళ్లూ వెలుతురూ తెచ్చిపెట్టేది మాత్రమే కాదని, దాన్ని నిలబెట్టే యంత్రాంగం మెదడులోనే ఉందని అప్పుడు రుజువైంది. ఈ వల నుంచి సంకేతాలు మెదడు మధ్యలోని తాలమస్ ద్వారా పెద్దమెదడు పైపొర అయిన కార్టెక్స్‌కు చేరతాయి. మెదడు కాండంలో కొద్దిపాటి రక్తస్రావంతోనైనా మనిషి కోమాలోకి జారిపోగలిగేది ఇందుకే. 2007లో నికొలస్ షిఫ్, ఆయన సహచరులు తలకు దెబ్బ తగిలి ఆరేళ్లుగా అరకొర స్పృహలో ఉన్న 38 ఏళ్ల మనిషికి తాలమస్ మధ్యభాగంలో ఎలక్ట్రోడ్లు అమర్చారు. అతను మాటలు పలకగలిగాడు, నోటితో తినగలిగాడు.

అయితే నాడీకణాలు ఎన్ని ఉంటే చైతన్యం అంత అనే లెక్క ఇక్కడ చెల్లదు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటే, అందులో దాదాపు 6,900 కోట్లు చిన్నమెదడులోనే ఉన్నాయి. కార్టెక్స్ వాటా 1,600 కోట్లు మాత్రమే. చిన్నమెదడు బాగా దెబ్బతింటే నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, చేతులు వణుకుతాయి, కానీ ఎరుక పోదు. కార్టెక్స్ వెనుక భాగంలో చిన్న ముక్క పోతే రంగుల అనుభవమే మాయమైపోవచ్చు. కణాల సంఖ్య కంటే అవి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయన్నదే ముఖ్యమని ఇది చెబుతుంది. నేటి సిద్ధాంతాల్లో చాలావాటికి ఏదో ఒక రూపంలో ఈ సంగతి కీలకం.

చూపు ఉండి ఎరుక లేనప్పుడు

చైతన్యం లేకుండా మెదడు ఎంత పని చేసుకుపోగలదో చూపిన ఉదాహరణల్లో అంధదృష్టిని మించినది లేదు. 1974లో లారెన్స్ వైస్‌క్రాంట్స్ బృందం డి.బి. అనే పొడి అక్షరాలతో ఒక రోగి గురించి రాసింది. శస్త్రచికిత్సలో కుడివైపు దృష్టి కార్టెక్స్ తీసేయడంతో అతనికి ఎడమవైపు దృశ్యం కనబడదు. అక్కడ వెలిగించిన దీపం ఎక్కడుందో, గీత నిలువో అడ్డమో ఊరికే ఊహించి చెప్పమంటే మాత్రం కాకతాళీయానికి అందనంత సరిగ్గా చెప్పేవాడు. తను సరిగ్గా చెబుతున్నానని అతనే నమ్మలేదు. 2008లో బీట్రిస్ డి గెల్డర్ ఇంకో రోగి గురించి రాశారు. రెండుసార్లు వచ్చిన మెదడు పోటు (స్ట్రోక్) వల్ల అతని రెండువైపుల దృష్టి కార్టెక్స్ పోయింది. అడ్డంగా పెట్టెలు, సామాను పెట్టిన నడవాలో చేతికర్ర లేకుండా, దేనికీ తగలకుండా నడిచి వెళ్లాడు. తను వేటినో తప్పుకున్నానన్న సంగతే అతనికి తెలియదు.

కంటి నుంచి కార్టెక్స్‌ను చేరే ప్రధాన మార్గం తెగినా, మెదడులోని పాత మార్గాలు కొంత సమాచారాన్ని చేరవేస్తూనే ఉంటాయి. చేతికీ కాలికీ అది సరిపోతుంది. చూశానన్న అనుభవానికి సరిపోదు. చూపు అంటే సమాచారం అందడమేనని వాదించేవారెవరైనా ముందు ఈ ఇద్దరు రోగులకు సమాధానం చెప్పాలి.

దీనికి తిరగేసిన ప్రయోగం నికోస్ లోగోథెటిస్‌ది. ఒక కంటికి ఒక బొమ్మ, రెండో కంటికి వేరే బొమ్మ చూపిస్తే రెండూ కలిసి కనబడవు. కొన్ని క్షణాలు ఇదీ, కొన్ని క్షణాలు అదీ వంతులవారీగా కనిపిస్తాయి. కళ్లముందున్నది మారడం లేదు, అనుభవం మాత్రమే మారుతోంది. 1990లలో కోతుల మీద ఆయన చేసిన కొలతల్లో, దృష్టి సంకేతం మొదట చేరే కార్టెక్స్ భాగంలో కొద్దిపాటి కణాలే ఈ మార్పును అనుసరించాయి. కణత వైపున్న ఉన్నత భాగాల్లో దాదాపు 90 శాతం కణాలు అనుసరించాయి.

ఇక విభజిత మస్తిష్కం. మూర్ఛ అదుపులోకి రానివారికి ఒకప్పుడు పెద్దమెదడు రెండు అర్ధగోళాలను కలిపే నాడీతంతుల కట్టను కోసేవారు. వీరిపై చేసిన పరిశోధనకు రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన శిష్యుడు మైకేల్ గజానిగా చేసిన పరీక్ష ఒకటుంది. రోగి ఎడమ అర్ధగోళానికి కోడికాలు బొమ్మ, కుడి అర్ధగోళానికి మంచు నిండిన దృశ్యం చూపించారు. కుడిచెయ్యి కోడి బొమ్మను, ఎడమచెయ్యి పార బొమ్మను ఎంచుకున్నాయి. పార ఎందుకని అడిగితే, మాట్లాడే ఎడమ అర్ధగోళం మంచును చూడలేదు కదా, కోళ్ల కొట్టం శుభ్రం చేయడానికని తడుముకోకుండా జవాబిచ్చింది. రోగి అబద్ధమాడలేదు. కారణం తెలియనిచోట మెదడు కారణాన్ని అల్లి, దాన్ని మనస్ఫూర్తిగా నమ్మింది. మన గురించి మనం చెప్పుకునే కారణాలన్నింటినీ ఈ ఒక్క ప్రయోగం అనుమానంలో పడేస్తుంది.

మంచం పక్కన

1974లో గ్లాస్గోలో గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ రూపొందించిన కోమా స్కేలును నేడు మన జిల్లా ఆసుపత్రుల్లోనూ వాడతారు. కళ్లు తెరవడం, మాట, కదలిక మూడింటికీ మార్కులు వేస్తే మొత్తం 3 నుంచి 15 మధ్య వస్తుంది. అయితే ఈ స్కేలు కొలిచేది బయటికి కనబడే ప్రతిస్పందనను. లోపలి ఎరుకను అది నేరుగా తాకదు.

ఇక్కడ కొన్ని స్థితులను విడదీసి చెప్పుకోవాలి, బయట మాటల్లో ఇవి కలిసిపోయి కుటుంబాలను అనవసరంగా కలవరపెడుతున్నాయి. కోమాలో కళ్లు మూసుకుని ఉంటాయి, మెలకువ రాదు. కొన్ని రోజులకో వారాలకో రోగి అందులోంచి బయటపడవచ్చు, లేదా కళ్లు తెరిచి, నిద్రా మెలకువల వరుస ఉండి, ఏ ఎరుకా కనబడని స్థితికి చేరవచ్చు. దీనికి జెన్నెట్, ఫ్రెడ్ ప్లమ్ 1972లో పెట్టిన పేరు తెలుగులో జీవచ్ఛవ స్థితి అని వాడుకలో ఉంది. అప్పుడప్పుడు మాట వినడం, చూపుతో అనుసరించడం ఉంటే అది కనీస స్పృహ. బ్రెయిన్ డెత్ వీటిలో దేనికీ చెందదు. మెదడు కాండంతో సహా మెదడు పనంతా తిరిగి రాకుండా ఆగిపోవడం అది. భారతదేశంలో 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బోర్డు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ పథకం కింద జరిగే మరణానంతర అవయవదానం ఈ నిర్ధారణ మీదే నడుస్తుంది. కోమాలో ఉన్నవారి అవయవాలు తీస్తారన్న భయానికి ఆధారం లేదు.

జీవచ్ఛవ స్థితి అన్న నిర్ధారణ మీద మాత్రం అంత భరోసా పెట్టుకోలేం. 2009లో జరిగిన ఒక పరిశీలనలో, వైద్య బృందాలు జీవచ్ఛవ స్థితి అని తేల్చిన 44 మందిని క్రమపద్ధతిలో మళ్లీ పరీక్షిస్తే 18 మందిలో కనీస స్పృహ ఉందని తేలింది. అంతకు మూడేళ్ల ముందే ఏడ్రియన్ ఓవెన్ ఇంకా పెద్ద సంగతి బయటపెట్టారు. రోడ్డు ప్రమాదం తర్వాత అయిదు నెలలుగా ఏ స్పందనా లేని 23 ఏళ్ల యువతిని ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నారు. ఆరోగ్యవంతులు అలా ఊహించినప్పుడు మెదడులో ఏ భాగం ఉత్తేజితమవుతుందో ఆమెలోనూ అదే భాగం ఉత్తేజితమైంది. తన ఇంట్లో గదుల్లో తిరుగుతున్నట్టు ఊహించుకోమంటే, దారులు గుర్తుపెట్టుకునే భాగాలు స్పందించాయి. ఆమె విన్నది, అర్థం చేసుకున్నది, చెప్పినట్టు చేసింది. వేలు కూడా కదపలేకపోయింది.

2010లో ఇదే పద్ధతిని సంభాషణకు వాడారు. అవునంటే టెన్నిస్, కాదంటే ఇల్లు. జీవచ్ఛవ స్థితిలో ఉన్నాడనుకున్న ఒక వ్యక్తి తన తండ్రి పేరు లాంటి ఆరు ప్రశ్నల్లో అయిదింటికి సరైన జవాబు ఇచ్చాడు. 2024లో వచ్చిన బహుళ కేంద్రాల అధ్యయనంలో, మాట చెబితే ఏమాత్రం స్పందించని 241 మందిలో 60 మంది మెదళ్లు ఆదేశాన్ని పాటిస్తున్నట్టు ఎం.ఆర్.ఐ.లో గానీ ఇ.ఇ.జి.లో గానీ కనబడింది. అంటే నలుగురిలో ఒకరు. చైతన్య పరిశోధన మొత్తంలో ఇంతకంటే బరువైన అంకె లేదు. ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దశాబ్దాలపాటు జీవచ్ఛవ స్థితిలో ఉన్న నర్సు కేసులో సుప్రీంకోర్టు 2011లో పరోక్ష కారుణ్య మరణానికి దారి చూపినప్పుడు, ఆ చర్చలో రోగి స్థితి గురించి వైద్యులు చెప్పిన మాటకు పెద్ద పాత్ర ఉంది. ఆ మాట ఎంత కచ్చితంగా ఉండాలో ఈ 60 మంది గుర్తుచేస్తున్నారు.

ఆదేశం వినే శక్తి కూడా లేని రోగి సంగతేమిటి? దీనికోసం మార్చెల్లో మస్సిమిని బృందం 2013లో ఒక సూచికను తయారుచేసింది. అయస్కాంత తరంగంతో పుర్రె మీదుగా కార్టెక్స్‌ను ఒకసారి తట్టి, ఆ అలజడి మెదడంతా ఎలా పాకిందో ఇ.ఇ.జి.తో పట్టి, అది ఎంత సంక్లిష్టంగా ఉందో లెక్కగడతారు. గాఢనిద్రలో, ప్రోపోఫాల్ మత్తులో ఆ అలజడి తగిలినచోటే పెద్దగా లేచి చచ్చిపోతుంది. మెలకువలో, కలలో దూరదూరాలకు రకరకాలుగా పాకుతుంది. ఆపరేషన్లలో వాడే కీటమిన్ మత్తులో మనిషి పలకడు గానీ, లేచాక కలలు వచ్చాయంటాడు. అతని సూచికా మెలకువ స్థాయిలోనే ఉంటుంది. రోగి నోరు విప్పకుండా అతని ఎరుకను అంచనా వేసే సాధనాల్లో ఇప్పటికి ఇదే మేలైనది.

కఠిన సమస్య

1641లో అచ్చయిన పుస్తకంలో రెనె డెకార్ట్ ఆలోచించే మనసు, స్థలం ఆక్రమించే దేహం రెండు వేరు పదార్థాలన్నాడు. రెండేళ్లకే బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఉత్తరం రాసింది: స్థలం ఆక్రమించని ఆత్మ దేహాన్ని ఎలా కదిలిస్తుంది? డెకార్ట్ జవాబులు ఆమెకు తృప్తినివ్వలేదు, ఆ తర్వాత వచ్చినవారికీ ఇవ్వలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రశ్న రూపం మార్చుకుంది. 1974లో థామస్ నేగెల్ గబ్బిలాన్ని తెచ్చాడు. ప్రతిధ్వనులతో దారి వెతుక్కునే ఆ జీవి మెదడు గురించి ప్రతి వివరం తెలిసినా, గబ్బిలంగా ఉండటం గబ్బిలానికి ఎలా ఉంటుందో మనకు తెలియదన్నాడు. 1982లో ఫ్రాంక్ జాక్సన్ మేరీ అనే ఊహాపాత్రను సృష్టించాడు. నలుపు తెలుపు గదిలోనే పెరిగిన ఆమె రంగుల గురించి శాస్త్రం చెప్పేదంతా నేర్చుకుంది. బయటికొచ్చి మొదటిసారి ఎరుపును చూసినప్పుడు ఆమెకు కొత్తగా ఏమైనా తెలుస్తుందా? తెలుస్తుందంటే శాస్త్రం చెప్పనిది ఏదో మిగిలిందన్నమాట. జాక్సన్ తర్వాత తన వాదాన్ని తానే వదులుకున్నాడు, మేరీ మాత్రం తత్వశాస్త్ర తరగతుల్లో స్థిరపడిపోయింది. 1990ల మధ్యలో డేవిడ్ చామర్స్ ఈ చిక్కుకు కఠిన సమస్య అని పేరు పెట్టాడు. గుర్తుపట్టడం, జ్ఞాపకం, శ్రద్ధ మెదడులో ఎలా జరుగుతాయన్నవి కష్టమైనా దారి తెలిసిన సమస్యలు. ఇవన్నీ జరుగుతున్నప్పుడు లోపల అనుభవం ఎందుకుండాలన్నది వేరే జాతి ప్రశ్న.

డేనియల్ డెనెట్ చనిపోయేదాకా దీన్ని ఒప్పుకోలేదు. వివరించాల్సినవన్నీ వివరించాక ఇంకా ఏదో మిగిలిందనిపించడమే మెదడు కల్పించే భ్రమ అన్నాడు. గజానిగా రోగిని గుర్తుపెట్టుకుంటే ఈ వాదంలో బలం కనిపిస్తుంది. అయినా పంటినొప్పితో ఉన్నవాడికి నొప్పి ఉన్నట్టు అనిపించడం, నొప్పి ఉండటం వేరు కావు. భ్రమవాదం ఈ అడ్డంకిని ఇంకా దాటలేదు.

భారతీయ దర్శనాల్లో

ఈ వాదాలు మనకు పడమటి నుంచే రాలేదు. చార్వాకులు చైతన్యం భూతాల కలయికలోనే పుడుతుందన్నారు. తమలపాకు, వక్క, సున్నం విడివిడిగా చూస్తే దేనిలోనూ లేని ఎరుపు మూడూ కలిపి నమిలితే వస్తుంది కదా అన్నది వారికి ఆపాదించిన ఉపమానం. సాంఖ్యులు గీత ఇంకోచోట గీశారు. బుద్ధి, అహంకారం, మనస్సు మూడూ జడమైన ప్రకృతి వికారాలే, చైతన్యమే అయిన పురుషుడు కేవలం సాక్షి. డెకార్ట్ ఆలోచనను ఆత్మవైపు ఉంచితే సాంఖ్యం దాన్ని పదార్థం వైపు నెట్టింది. ఆలోచించే యంత్రాలు వచ్చిన ఈ కాలంలో సాంఖ్యుల విభజనే ఎక్కువ పనికొచ్చేలా ఉంది. ఆలోచనను యంత్రానికి అప్పగించాక కూడా మిగిలే ప్రశ్న ఏమిటో అది స్పష్టంగా చూపిస్తుంది. బౌద్ధులు క్షణక్షణం పుట్టి గిట్టే విజ్ఞాన ప్రవాహమే ఉందని, దానికి యజమాని లేడని వాదించారు.

అన్నింటిలోనూ ఆసక్తికరమైనది గాఢనిద్ర గురించిన వివాదం. పన్నెండు మంత్రాల మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తులను చెప్పి, వాటికి ఆధారమైన నాలుగోదాన్ని, తురీయాన్ని చెబుతుంది. సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు అని లేచినవాడు అంటున్నాడంటే అది జ్ఞాపకమేనని, అనుభవం లేనిదే జ్ఞాపకం ఉండదు కాబట్టి సుషుప్తిలోనూ చైతన్యం ఉందని అద్వైతులు అంటారు. నైయాయికులు ఒప్పుకోరు. వారి లెక్కలో జ్ఞానం ఆత్మకు వచ్చిపోయే గుణం, నిద్రలో అది లేదు, లేచినవాడు చెప్పేది జ్ఞాపకం కాదు, దేహం తేలికపడటాన్ని బట్టి చేసిన అనుమానం, అంటే తర్కించి చేరిన నిర్ణయం. 2017లో ఫ్రాంచెస్కా సిక్లారి బృందం నిద్రపోతున్నవారిని మాటిమాటికీ లేపి అడిగినప్పుడు మూడు రకాల జవాబులు వచ్చాయి: కల వచ్చింది, ఏమీ లేదు, ఏదో అనుభవమైంది గానీ ఏమిటో చెప్పలేను. అనుభవం ఉందన్నప్పుడు కార్టెక్స్ వెనుక భాగంలో నెమ్మది అలలు తగ్గాయి. ఇది అద్వైతాన్నీ న్యాయాన్నీ గెలిపించదు, ఓడించదు. కానీ గాఢనిద్రను చైతన్యం లేని స్థితిగా ముందే లెక్కగట్టేసే అలవాటును మాత్రం కదిలించింది. భారతీయ, పాశ్చాత్య సంప్రదాయాలను ఒకచోట చేర్చడానికి ఆంధ్ర విశ్వవిద్యాలయ మనోవిజ్ఞాన ఆచార్యుడు కోనేరు రామకృష్ణారావు జీవితమంతా శ్రమించారు. 2002లో వెలువడిన ఆయన చైతన్య అధ్యయన గ్రంథం అందుకు నిదర్శనం.

సిద్ధాంతాలు, ఒక పందెం

నేడు ఎక్కువ చర్చలో ఉన్న సిద్ధాంతాలు రెండు. బెర్నార్డ్ బార్స్ 1988లో ప్రతిపాదించి, స్తనిస్లాస్ దహేన్ నాడీశాస్త్రంగా మలచిన సార్వత్రిక కార్యక్షేత్ర సిద్ధాంతం ప్రకారం, మెదడులో విడివిడిగా నడిచే అనేక ప్రక్రియల్లో ఒకదాని సమాచారం మెదడంతటికీ ప్రసారమైనప్పుడు అది ఎరుకలోకి వస్తుంది. ఈ ప్రసారంలో నుదురు వైపు కార్టెక్స్‌ది పెద్దపాత్ర. జూలియో తొనోని 2004లో మొదలుపెట్టిన సమీకృత సమాచార సిద్ధాంతం అనుభవం నుంచే బయలుదేరుతుంది. ఒక వ్యవస్థ భాగాలు కలిసి, విడివిడిగా ఇవ్వలేని సమాచారాన్ని ఎంత ఇస్తాయో అదే చైతన్యం అంటుంది. దాని కొలతకు ఫై అని పేరు. ఈ లెక్కలో కార్టెక్స్ వెనుక భాగానికే ప్రాధాన్యం. వీటికి దూరంగా, మెదడు లోకాన్ని ముందే ఊహించి ఇంద్రియాలతో సరిచూసుకుంటుందనీ, ఆ ఊహే మన అనుభవమనీ అనిల్ సేథ్ వంటివారు చెబుతున్నారు.

1998లో జర్మనీలోని బ్రేమెన్‌లో క్రిస్టాఫ్ కాఖ్ ఒక పందెం కాశాడు. 25 ఏళ్లలో చైతన్యానికి స్పష్టమైన నాడీ గుర్తు దొరుకుతుందని అతను, దొరకదని చామర్స్. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో కాఖ్ ఓటమి ఒప్పుకుని వైన్ సీసాల పెట్టె అందించాడు. అదే వేదిక మీద రెండు సిద్ధాంతాల పోటీ పరీక్ష ఫలితాలూ వెలువడ్డాయి. ఏ ఫలితం వస్తే ఎవరు తప్పో ప్రత్యర్థులు ముందే రాతపూర్వకంగా ఒప్పుకుని, 256 మంది మీద జరిపిన పరీక్ష అది. పూర్తి నివేదిక 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. కార్టెక్స్ వెనుక భాగాల మధ్య ఉండాల్సిన నిరంతర లయ దొరకలేదు, అది తొనోని పక్షానికి దెబ్బ. బొమ్మ మాయమైనప్పుడు నుదుటి వైపు రావాల్సిన స్పందనా సరిగ్గా రాలేదు, అది దహేన్ పక్షానికి దెబ్బ. 2023 సెప్టెంబరులో 124 మంది పండితులు సమీకృత సమాచార సిద్ధాంతాన్ని కుహనా శాస్త్రమని బహిరంగ లేఖ రాశారు. ఇది తొందరపాటు. ముందే చెప్పిన అంచనా తప్పని తేలగలిగిన సిద్ధాంతాన్ని అలా పిలవడం న్యాయం కాదు.

సంకల్పం

1983లో బెంజమిన్ లిబెట్, ఇష్టమొచ్చినప్పుడు చెయ్యి కదపమని చెప్పి, కదపాలనిపించిన క్షణాన్ని గడియారం చూసి గుర్తుపెట్టుకోమన్నాడు. కదలికకు సుమారు 550 మిల్లీసెకన్ల ముందు మెదడులో సన్నాహక సంకేతం మొదలైంది. కదపాలన్న ఎరుక కలిగింది సుమారు 200 మిల్లీసెకన్ల ముందు. స్వేచ్ఛాసంకల్పం లేదనడానికి దీన్ని చాలామంది చూపిస్తూ వచ్చారు. 2012లో ఏరన్ షుర్గర్ ఆ సంకేతం నిర్ణయం కాదని, మెదడులో ఎప్పుడూ ఉండే ఒడుదుడుకులు ఒక హద్దు దాటేదాకా పేరుకోవడమేనని వాదించాడు. వేలు కదపడం మీద కట్టిన వాదం మనిషి జీవిత నిర్ణయాలన్నింటినీ మోయలేదు.

మనిషికి అవతల

2024 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో వెలువడిన ప్రకటన క్షీరదాలకు, పక్షులకు చైతన్యం ఉందనడానికి బలమైన శాస్త్రీయ మద్దతు ఉందని చెప్పింది. చేపలు, కప్పలతో సహా వెన్నెముక ఉన్న జీవులన్నింటికీ, ఆక్టోపస్, పీత, కీటకాల వంటివాటికీ ఉండే వాస్తవ అవకాశాన్ని కొట్టిపారేయలేమంది. యంత్రాల విషయంలో సిద్ధాంతాలు పూర్తిగా విడిపోతాయి. కార్యక్షేత్ర సిద్ధాంతం ప్రకారం తగిన ప్రసార నిర్మాణం ఉంటే కంప్యూటరుకూ చైతన్యం సాధ్యమే. సమీకృత సమాచార సిద్ధాంతం ప్రకారం నేటి డిజిటల్ చిప్పు ఎంత తెలివిగా మాట్లాడినా దాని ఫై దాదాపు సున్నా, మెదడునంతా అందులో అనుకరించినా అంతే. 2023లో పందొమ్మిది మంది పరిశోధకులు వివిధ సిద్ధాంతాల నుంచి సూచికలు ఏరి అప్పటి కృత్రిమ మేధ వ్యవస్థలను వాటితో పోల్చారు. చైతన్యం ఉందని చెప్పదగ్గది ఒక్కటీ లేదని, ఆ సూచికలను తీర్చే వ్యవస్థను కట్టడానికి మాత్రం సాంకేతికంగా పెద్ద ఆటంకమేదీ కనిపించడం లేదని తేల్చారు.